అమ్మమ్మ పాటల పుస్తకం తూకానికేనా?

కవిత్వం రాసినవాళ్ళకి సన్మానాలు చేస్తాం, శాలువాలు కప్పుతాం. ఆ కవిత్వాన్ని చెదలకీ, వానకీ, పాత కాగితాలవాడి తక్కెడకీ అందకుండా దాచినవాళ్ళని మాత్రం ఎవరమూ తలుచుకోం. నన్నడిగితే, ఆడవాళ్ళ రాతల విషయంలో రాయడం సగం పనే. మిగతా సగం దాచడం. రాసినావిడ పోయాక ఆ రెండో సగం ఇంకో ఆడదాని చేతిలో పడుతుంది. కూతురో, కోడలో, మనవరాలో, పక్కింటావిడో. ఆ చెయ్యి జాగ్రత్తగా ఉంటే రాత బతుకుతుంది. లేకపోతే కిలో ఇంతకని పోతుంది.

మా జగ్గయ్యపేట, నందిగామ వైపు ఈ పదేళ్ళలో ఎన్ని పాత పెంకుటిళ్ళు పడగొట్టారో లెక్కలేదు. ఇల్లు పడగొట్టేముందు అటక ఖాళీ చేస్తారు. ఇత్తడి బిందెలు, గంగాళాలు ఎవరికెన్ని అని పంచుకుంటారు. రోకలి, తిరగలి కూడా ఈమధ్య అలంకారానికి పనికొస్తున్నాయని తీసుకెళ్తున్నారు. ట్రంకుపెట్టె అడుగున ఉన్న నోటుబుక్కులు మాత్రం గుట్టగా వాకిట్లో పడతాయి. అందులో ఏముందో తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఏముంటుందంటారా? మంగళహారతులు, తలుపుదగ్గర పాటలు, అప్పగింతల పాటలు, నలుగు పాటలు ఉంటాయి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కథ ఉంటుంది. అత్తింటి ఆరళ్ళు పడ్డ ఆ తల్లి కథ మా వైపు ఆడవాళ్ళకి ఒక్క దేవత కథే కాదు, అందులో సొంత కథ కూడా కొంత ఉంటుంది. వీటి మధ్యలో, ఎక్కడా పేరు లేకుండా, ఆవిడ సొంతంగా కట్టిన పద్యమో పాటో ఉంటుంది. పక్కన సంతకం ఉండదు, తేదీ ఉండదు. తిరగేసేవాళ్ళు అదీ ఎక్కడో చూసి రాసుకున్నదే అనుకుంటారు.

పద్దుల పుస్తకంలో పద్యాలు

మా మేనత్త సంగతి చెబుతాను. జగ్గయ్యపేటలో ఉండేది. చదివింది ఐదో తరగతి. మావయ్య మిరపకాయల వ్యాపారం పద్దులు రాసి వదిలేసిన పుస్తకాల్లో వెనక మిగిలిన తెల్ల కాగితాలు ఆవిడవి. అలా ముప్పై ఏళ్ళకి నాలుగు పుస్తకాలు నిండాయి. ముందునుంచి తెరిస్తే బస్తాల లెక్క, వెనకనుంచి తెరిస్తే సీసపద్యాలు. పాలేరు పొంగిన ఏడాది మీద ఒకటి, మిరపతోటకి తెగులొచ్చి మావయ్య అన్నం మానేసిన రోజు మీద ఒకటి. నందిగామకిచ్చిన కూతురు మీద నాలుగైదున్నాయి. బస్సెక్కితే గంట దూరం. అయినా సంక్రాంతికీ, మళ్ళీ ఎప్పుడో అమ్మవారి తిరునాళ్ళకీ తప్ప చూసుకోలేని ఆ గంట దూరం గురించి రాసింది.

ఇంకొకటి ఉంది. మూడోనెల నిండకుండానే పోయిన పిల్ల మీద రాసింది. మా ఇళ్ళల్లో ఆ పిల్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఫోటో లేదు. ఏ కాగితంలోనూ పేరు లేదు. ఆ పిల్ల ఒకతి పుట్టిందని, దానికి ఫలానా పేరు పెట్టారని, చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదని చెప్పడానికి లోకంలో మిగిలింది ఆ పద్దుల పుస్తకంలో ఎనిమిది పంక్తులే.

పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ పుస్తకాలు కూడా వాకిట్లో గుట్టలోనే పడ్డాయి. తీసింది నందిగామ వదిన కోడలు. ఆ అమ్మాయి మేనత్తని కళ్ళతో చూడనైనా లేదు. "వెనక పద్యాలున్నాయత్తయ్యా, లెక్కలు కావు" అని కొంగులో వేసుకుని తెచ్చిందట. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరు, ఉంచుకుంటే ఉంచుకోండి గానీ ఆ పిల్ల కాగితం చింపెయ్యండి, శుభమా అని ఇంట్లో పెట్టుకోవడానికి, అన్నారు. వదిన చింపనివ్వలేదు. ఆ తర్వాత వాటిని ఒక గ్రంథాలయానికి తీసుకెళ్ళింది. అచ్చు పుస్తకాలైతే తీసుకుంటాం గానీ ఇలాంటివి మేమేం చేసుకుంటామమ్మా అన్నారట. చేసేదిలేక తిరిగి బీరువాలో పెట్టింది.

ఈ రెండు మాటలూ వినడానికి చిన్నవే. ఆ కాగితం చింపెయ్యండి అన్నదొకటి, ఇవి మేమేం చేసుకుంటాం అన్నది రెండోది. కానీ ఆడవాళ్ళ రాతలు పోయింది చాలావరకు ఈ రెండు మాటలవల్లనే. కొత్తగా కాదు, మూడు వందల ఏళ్ళ నుంచీ ఇదే వరస.

ఒకే కాలంలో ముగ్గురు

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో మేరీ లీపర్ అనే అమ్మాయి ఉండేది. తోటమాలి కూతురు. 1722లో పుట్టింది. పెద్దింట్లో వంటమనిషిగా కుదిరింది. పొయ్యిమీద మాంసం మాడుతున్నా పట్టించుకోకుండా కాగితాలమీద గీకుతోందని ఆ పని ఊడిందని చెబుతారు. తండ్రికి వండిపెడుతూ రాసుకుంది. ఓ నాటకం రాసి లండను పంపితే, అక్కడ ఎవరో దానిమీద ద్రాక్షసారాయి ఒలకబోసి ఆ మరకతోనే తిప్పి పంపారు. ఆ మరకమీద కూడా ఆవిడ ఒక కవిత రాసింది! 1746లో తట్టు సోకి చనిపోయింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఒక్క పుస్తకమూ అచ్చుకాలేదు.

మరి ఈ రోజు మనకెలా తెలిసింది? బ్రిడ్జెట్ ఫ్రీమాంటిల్ అనే స్నేహితురాలివల్ల. వాళ్ళిద్దరికీ పరిచయమై నిండా రెండేళ్ళు కూడా కాలేదు. నేను పోయాక ఈ రాతలు అచ్చువేయించి, వచ్చిన డబ్బు మా నాన్నకివ్వమని మేరీ కోరితే, ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఊరూరా చందాలు పోగుచేయించి, 1748లో ఒక సంపుటం, 1751లో రెండోది తెచ్చారు. తర్వాత మళ్ళీ జనం మరిచిపోయారు. 1989లో రోజర్ లాన్స్‌డేల్ అనే పండితుడు ఆ శతాబ్దపు కవయిత్రులందరినీ ఒకచోట చేర్చి సంకలనం వేసినప్పుడు మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. మధ్యలో రెండు వందల నలభై ఏళ్ళు గడిచాయి! ఆ రెండు సంపుటాలే లేకపోతే లాన్స్‌డేల్ మాత్రం దేన్ని చదివేవాడు?

సరిగ్గా ఆ కాలంలోనే తంజావూరులో మన ముద్దుపళని ఉంది. 1739 నుంచి 1763 దాకా ఏలిన ప్రతాపసింహుడి కొలువులో ఉండేది. తన వంశం చెప్పుకునేటప్పుడు అమ్మ పేరూ, అమ్మమ్మ పేరూ చెప్పుకున్న మనిషి. 'రాధికా సాంత్వనం' రాసింది. సుమారు నూట ముప్పై ఏళ్ళు అది రాతప్రతుల్లోనే ఉంది. 1887లో పైడిపాటి వెంకటనరసు గారు అచ్చువేయించారు. కానీ కొన్ని పద్యాలు మానేసి, పళని తన గురించి చెప్పుకున్న మాటలు కూడా వదిలేసి వేశారు. చూశారా, పుస్తకం ఉంచారు, కాగితం చింపారు!

ఆ చింపిన కాగితాన్ని తిరిగి అతికించింది బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగయ్య గారి సమాధికి గుడి కట్టించిన నాగరత్నమ్మే. అచ్చు పుస్తకం చదివి, ఇది పూర్తిది కాదని గ్రహించి, రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసి, 1910లో వావిళ్ళవారి చేత పూర్తి పాఠం వేయించింది. వీరేశలింగం గారంతటి పెద్దమనిషి ఈ కావ్యంలో పచ్చిశృంగారం ఉందని ఈసడించారు. అయితే సిగ్గూ మర్యాదా అన్నవి ఆడవాళ్ళకేనా, మగ కవులకి వర్తించవా అని ఆవిడ ఎదురడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ళవారు మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ పోయిందీ ఆ ఏడే.

మూడో ఆవిడ తరిగొండ వెంగమాంబ. 1730లో పుట్టి 1817 దాకా జీవించింది. చిన్నతనంలోనే భర్త పోయినా బొట్టూ జుట్టూ తీయించుకోనని నిలబడ్డ మనిషి. ఆవిడ రాతలకి తిరుమల కొండ అండగా నిలిచింది. ఏకాంతసేవలో ఆవిడ పేరుమీద ముత్యాలహారతి ఇప్పటికీ ఇస్తున్నారు.

ముగ్గురిదీ ఒకే శతాబ్దం. ఒకరికి స్నేహితురాలు, ఒకరికి నూట యాభై ఏళ్ళ తర్వాత పుట్టిన వారసురాలు, ఒకరికి దేవుడి గుడి దొరికాయి. ఆ కాలంలోనే ఇంకెందరు రాశారో, ఎవరూ దొరక్క ఎందరివి మట్టిలో కలిశాయో ఊహించుకోండి. వాళ్ళు తక్కువరకం కవులని కాదు. వాళ్ళకో ఫ్రీమాంటిల్ లేదు, ఓ నాగరత్నమ్మ లేదు, అంతే.

రాతిమీద పేరు, కాగితంమీద లేదు

మా జగ్గయ్యపేటలో ధనంబోడు అనే గుట్టమీద పాత బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర దాన్నిగురించి రాసి లోకానికి తెలియజేశాడు. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టి, వాటిమీద శాసనం వేయించాడు. రాజేం కాదు, పనివాడు. అయినా తన పేరూ, తండ్రి పేరూ వేసుకుని ఊరుకోలేదు. తల్లి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు కూడా చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్ళ కిందట మా ఊళ్ళో ఒక పనివాడి తల్లి పేరేమిటో ఇవాళ చదువుకోవచ్చు. నలభై ఏళ్ళ కిందట అదే ఊళ్ళో నాలుగు పుస్తకాల పద్యాలు రాసిన ఆడమనిషి పేరు ఆ పుస్తకాలమీద ఎక్కడా లేదు. అట్టమీద ఉన్నది మావయ్య పేరు, దాని కింద వ్యాపారం పేరు.

కనుక మొదట చేయవలసింది ఇదే. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే లోపలి అట్టమీద పెన్సిలుతో ఆవిడ పేరు రాయండి. పుట్టింటి ఊరు, మెట్టినింటి ఊరు, సుమారుగా ఏ ఏళ్ళలో రాసిందో వెయ్యండి. అమ్మమ్మ అని రాస్తే చాలదండీ! మీకు అమ్మమ్మ. మీ మనవరాలి చేతికెళ్ళేసరికి ఎవరికో ఎవరో.

అందులో అంత గొప్పేముంది?

ఈ మాట తప్పక వస్తుంది. నిజమే, అన్నీ గొప్పవి కావు. మా మేనత్త పద్యాల్లో యతి తప్పినవి బోలెడున్నాయి. హారతిపాట వరసలో కట్టినవి కొన్ని అచ్చం పాతవాటిలాగే ఉంటాయి. కానీ మంచిదా కాదా అని తేల్చడానికైనా ముందది ఉండాలి కదా? తూకానికి పోయినదాన్ని ఏ పండితుడూ పరీక్షించలేడు.

పైగా వాటిలో ఇంకెక్కడా దొరకని సంగతులుంటాయి. ఏ ఏడు మిరప పండిందో ప్రభుత్వ లెక్కల్లో ఉంటుంది. పండని ఏడు ఇంట్లో పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఉండదు. వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఆడవాళ్ళ రామాయణం పాటలమీద ఒక వ్యాసం రాశారు. సీత పురిటినొప్పులు, ఊర్మిళ నిద్ర, అత్తాకోడళ్ళ మాటలు, ఇవన్నీ ఆ పాటల్లో ఎంత విరివిగా ఉంటాయో చూపించారు. ఆ పాటలు పాడినవాళ్ళూ, రాసిపెట్టుకున్నవాళ్ళూ లేకపోతే మగవాళ్ళు రాసిన రామాయణమొక్కటే రామాయణమని మనమూ నమ్మేవాళ్ళం.

సర్కారు చూసుకుంటుంది కదా అనేవాళ్ళున్నారు. బ్రౌను దొర మచిలీపట్నంలోనూ, కడపలోనూ పండితులకి జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించకపోతే మన సాహిత్యం సగం పోయేది, కాదనను. ఆయన పోగుచేసినవి మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 2003లో కేంద్రప్రభుత్వం చేతిరాత ప్రతులకోసం ఒక జాతీయ మిషన్ పెట్టింది. బాగానే ఉంది. కానీ రాతప్రతి అని లెక్కలోకి రావాలంటే కనీసం డెబ్భై అయిదేళ్ళు నిండాలని నియమం. 1975లో రాసిన నోటుబుక్కు 2050కి గాని రాతప్రతి కాదన్నమాట! అప్పటిదాకా దాన్ని ఎవరు కాపాడతారు? ఏ మిషనూ కాదు. బీరువా తాళాలు బొడ్లో దోపుకున్న మనమే.

రాయడం రానివాళ్ళ సంగతి

ఇంకో మాట కూడా చెప్పాలి. నోటుబుక్కు ఉండటమే ఒక భాగ్యం. మా మెట్టప్రాంతంలో మిరపకాయలు కోసేవాళ్ళూ, పత్తి తీసేవాళ్ళూ, నాట్లేసేవాళ్ళూ కట్టిన పాటలు ఏ ట్రంకుపెట్టెలోనూ లేవు. గట్టుమీద కూర్చున్న ఆసామి మీద చెణుకులు, తాగొచ్చే మొగుడిమీద విసుర్లు అప్పటికప్పుడు కట్టి పాడినవాళ్ళున్నారు. వాళ్ళు పోతే పుస్తకం కూడా మిగలదు. ఇప్పుడు అందరిళ్ళల్లో సెల్‌ఫోనుంది. పెళ్ళిభోజనం విస్తరి ఫోటో తీసే ఫోనుతోనే ఆ అవ్వ పాట రికార్డు చెయ్యొచ్చు. చేసేముందు అడగండి. ఆవిడ పేరు ఆవిడ నోటితోనే చెప్పించండి.

చెప్పుకోకూడనిది రాసుంటే?

ఇది మంచి ప్రశ్న. అత్తగారిమీద కోపం, మొగుడిమీద దుఃఖం, ఎవరికీ చెప్పుకోని దిగులు ఆ పుస్తకాల్లో ఉంటాయి. ఆవిడ దాచుకున్నది మనం బజార్న పెట్టవచ్చా? పెట్టకూడదు. కానీ బజార్న పెట్టకపోవడానికీ కాల్చెయ్యడానికీ మధ్య చాలా దూరం ఉంది. కవర్లో పెట్టి, ఫలానావాళ్ళు పోయేవరకు తెరవొద్దని రాసిపెట్టండి. నొచ్చుకునేవాళ్ళు ఉన్నన్నాళ్ళు ఆగుదాం. చింపే హక్కు మాత్రం మనకి లేదు. రాసుకున్నావిడకి చింపేసే వీలు ముప్పై ఏళ్ళు ఉంది. ఆవిడే చింపలేదు కదా!

అన్నిటికంటే ముఖ్యం, అశుభమనో, అసభ్యమనో, పరువు తక్కువనో మధ్యలోంచి ఒక్క కాగితం తీసెయ్యకండి. ఆడవాళ్ళ రాతల్లో మనకి పనికొచ్చేది తరచుగా ఆ కాగితంలోనే ఉంటుంది. పోయిన పిల్ల పేరున్న కాగితమది.

ఏం చెయ్యాలంటే

పెద్ద ఖర్చు లేదు. పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరనివ్వండి. తుప్పు పట్టిన పిన్నులు మెల్లిగా తీసెయ్యండి. చిరిగినచోట సెల్లోటేపు అతికించకండి, కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారి అక్షరాలని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే కాగితం మళ్ళీ బయటికి రాదు. పాత నూలుచీర ముక్కలో చుట్టి, బాగా ఎండిన వేపాకు పక్కన వేసి, గోడకి ఆనకుండా పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే వానాకాలం చెమ్మకి బూజు పడుతుంది. ప్రతి పేజీకీ పగటి వెలుతురులో ఫోటో తీసి, కనీసం ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. అక్షరం గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. పాట అయితే వరస కూడా పాడించండి. వరస కాగితంమీద ఉండదు.

గ్రంథాలయాల వాళ్ళకీ ఒక మాట. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక్క బీరువా, ఒక్క అర, ఊళ్ళో ఆడవాళ్ళ చేతిరాతలకి కేటాయించడం అంత కష్టమా? పుస్తకం ఇవ్వలేనివాళ్ళ దగ్గర నకలు తీసుకోండి. ఇచ్చినావిడకి రశీదు రాసివ్వండి. మేమేం చేసుకుంటామమ్మా అని మాత్రం తిప్పి పంపకండి. ఈ తరంలో ఆ మాట విన్నావిడ మళ్ళీ మీ గడప తొక్కదు. ఆ పుస్తకం కూడా ఆవిడతోనే పోతుంది.

డ్వాక్రా మీటింగులకి కలుస్తాం, నోములకి కలుస్తాం, కిట్టీ పార్టీలకి కలుస్తాం. వచ్చేనెల కలిసినప్పుడు చీరల మాటయ్యాక, మీ ఇంట్లో పాత నోటుబుక్కులేమైనా ఉన్నాయా వదినా అని ఒక్కసారి అడిగి చూడండి. పదిమందిలో ముగ్గురైనా ఉన్నాయంటారు. ఆ ముగ్గురిలో ఒకరైనా ఇంటికెళ్ళి అటకెక్కితే, రాసి మరుగునపడిన ఒకావిడకి చదివే మనిషి దొరికినట్టే.